బస్తా మీద మ్యూరేట్, పుస్తకంలో క్లోరైడ్
సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, ఎరువుల బస్తా గురించి ఒకరు, మంచినీళ్ళ ట్యాంకు గురించి ఒకరు, మందు బిళ్ళల గురించి ఒకరు అడిగారు. తీరా చదివితే అందరినీ తికమక పెట్టింది ఒకే కుటుంబం మాటలు. అందుకని వేరే ఉత్తరాలు వచ్చే నెలకు ఆపి, వీటినే తీసుకున్నాను.

మాస్టారికి నమస్కారం. మాకు ఆత్రేయపురంలో రెండెకరాల కొబ్బరితోట ఉంది. మొన్న పొటాష్ బస్తా తెచ్చాను. ఇంటర్ చదివే మా అమ్మాయి బస్తా మీద అక్షరాలు చదివి, “నాన్నా, మ్యూరేట్ అంటే ఏమిటి? మా పుస్తకంలో ఎక్కడా లేదే” అంది. కొట్టులో అడిగితే “ఎర్ర పొటాషేనండీ” అన్నారు. తెలిసినాయన ఒకరు పొటాషియం క్లోరైడ్ అన్నారు. క్లోరైడ్ అంటే నీళ్ళలో క్రిములను చంపే క్లోరినే కదా! అది చెట్టు మొదట్లో వేస్తే వేర్లు దెబ్బతినవా?
— కొబ్బరి రైతు, ఆత్రేయపురం

మీ అమ్మాయి అడిగింది రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉన్న ప్రశ్న. ముందు దానికి జవాబు చెప్పి, తర్వాత మీ తోటలోకి వస్తాను.

వేసవిలో మీ ఇంట్లో మాగాయ పెడతారు కదా. చెక్కు తీసిన మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెడితే, మూడో రోజుకు ముక్కలు వాడిపోయి, అడుగున పుల్లగా, ఉప్పగా నీరు చేరుతుంది. ముక్కలు పిండి ఎండలో వేసి, ఆ నీటిని విడిగా ఎండబెడతాం. మనం దాన్ని ఊట అంటాం. ఊరవేయడానికి వాడే అలాంటి ఉప్పునీటికి లాటిన్ భాషలో ‘మ్యూరియా’ అని పేరు. ఉప్పులోంచి తీసిన ఆమ్లం గనుక ఐరోపా రసాయనికులు ఒక ఆమ్లానికి ‘మ్యూరియాటిక్ యాసిడ్’ అని పేరు పెట్టారు. ఉప్పూట ఆమ్లం అన్నమాట. ఆ ఆమ్లంతో తయారయ్యే లవణాలన్నీ ‘మ్యూరేట్లు’. పొటాష్‌తో కలిస్తే మ్యూరేట్ ఆఫ్ పొటాష్. మనం రోజూ కూరలో వేసుకునే ఉప్పు, ఆ లెక్కన, మ్యూరేట్ ఆఫ్ సోడా.

మరి ఆ పేరు పుస్తకాల్లోంచి ఎందుకు పోయింది? అక్కడే అసలు కథ ఉంది. 1774లో స్వీడన్ దేశపు షీలే ఈ ఆమ్లాన్ని మాంగనీసు ఖనిజంతో కలిపి వేడిచేస్తే, ఊపిరి ఆడనివ్వని ఘాటుతో ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు వాయువు వచ్చింది. అది మూలకమని ఆయనకు తోచలేదు. ఫ్రాన్సులో లవోయిజే కాలానికి ఆమ్లాలన్నిటిలోనూ ఆక్సిజన్ ఉండి తీరుతుందన్న నమ్మకం స్థిరపడిపోయింది. ఆక్సిజన్ అన్న పేరుకు అర్థమే ‘ఆమ్లాన్ని పుట్టించేది’. మన పాత తెలుగు పుస్తకాల్లో దాన్ని ‘ఆమ్లజని’ అన్నారు, గుర్తుందా? ఆ నమ్మకం మన భాషలోకి కూడా అలాగే దిగుమతి అయింది. ఆ లెక్క ప్రకారం మ్యూరియాటిక్ ఆమ్లం అంటే ఇంకా ఎవరి కంటా పడని ‘మ్యూరియం’ అనే పదార్థమూ ఆక్సిజనూ కలిసినది. షీలే వాయువు అంటే ఆ ఆమ్లానికి మరికాస్త ఆక్సిజన్ చేరినది.

1810లో లండన్‌లో హంఫ్రీ డేవీ ఆ వాయువును రకరకాలుగా పరీక్షించాడు. తెల్లగా మెరిసేదాకా కాల్చిన బొగ్గు తగిలించినా అందులోంచి ఆక్సిజన్ బయటికి రాలేదు. లేనిది ఎలా వస్తుంది? ఇది దేనితోనూ కలిసినది కాదు, ఇదే ఒక మూలకం అని తేల్చి, దాని రంగును బట్టి గ్రీకు భాషలో పసుపు కలిసిన లేత ఆకుపచ్చకు ఉన్న ‘క్లోరోస్’ మాటతో క్లోరిన్ అని పేరు పెట్టాడు. దాంతో మ్యూరియం అనేదే లేదని తేలిపోయింది. మ్యూరేట్లన్నీ క్లోరైడ్లు అయ్యాయి. శాస్త్రం పేరు మార్చుకుంది, వ్యాపారం మార్చుకోలేదు. 1860ల్లో జర్మనీలోని స్టాస్‌ఫుర్ట్ గనుల నుంచి పొటాష్ లవణాలు ఎరువుగా మార్కెట్లోకి వచ్చేనాటికి రసాయన పుస్తకాల్లో మ్యూరేట్ పాతబడిపోయింది. అయినా బస్తాల మీద ఆ మాటే ఎక్కింది. మన దేశానికి పొటాష్ దాదాపు అంతా కెనడా, రష్యా, బెలారస్, జోర్డాన్, ఇజ్రాయెల్ వంటి దేశాల నుంచి ఓడల్లో రావాల్సిందే. సరుకుతో పాటు పేరూ వచ్చింది. 2022 చివరి నుంచి ఎరువులన్నిటికీ ‘భారత్’ అన్న ఒకే పేరు పెట్టినప్పుడు కూడా ఇది ‘భారత్ ఎం.ఓ.పి.’ అయింది. ఆ ‘ఎం’ మ్యూరేటే. అంటే డేవీ చేతిలో ఓడిపోయిన మాట మీ ఇంటి వసారాలో బస్తా మీద ఇంకా బతికే ఉంది. మీ అమ్మాయికి ఈ కథ చెప్పండి. పరీక్షలో రాకపోయినా తెలుసుకోదగ్గదే.

బస్తా మీది 60 శాతం అన్న అంకె కూడా అలాంటి పాత లెక్కే. అది పొటాషియం శాతం కాదు, పొటాషియం ఆక్సైడ్‌గా లెక్కగట్టిన శాతం. నిజానికి బస్తాలో ఆ ఆక్సైడ్ రవ్వంత కూడా ఉండదు. అసలు లెక్క ఏమిటంటే, 50 కిలోల బస్తాలో సుమారు 25 కిలోలు పొటాషియం, 22 నుంచి 23 కిలోలు క్లోరైడ్. ఎరుపు రంగు గనిలో కలిసిన ఇనుపతుప్పు లాంటి మలినంది. తెల్లగా ఉన్న మ్యూరేట్ కూడా దొరుకుతుంది. రంగు చూసి బలం ఎక్కువ తక్కువలు అనుకోకండి.

ఇక మీ భయం. సగానికి దగ్గరగా క్లోరినే ఉందంటున్నాను, చెట్టు చావదా అంటారు. చావదు. క్లోరిన్ వాయువు ఎలక్ట్రాన్ కోసం ఆబగా ఉంటుంది, తగిలిన ప్రతిదాన్నీ కాలుస్తుంది. ఒక ఎలక్ట్రాన్ దొరికి క్లోరైడ్ అయ్యాక ఆ ఆకలి తీరిపోతుంది. మన రక్తంలో, కన్నీళ్ళలో, చెమటలో ఉన్నది ఈ నెమ్మదించిన రూపమే. ట్యాంకులో క్రిములను చంపేది ఆకలితో ఉన్న రూపం. పేరులో తేడా చివరి ముక్కే, స్వభావంలో తేడా నిప్పుకీ బూడిదకీ ఉన్నంత.

పైగా మీ పంట కొబ్బరి. మొక్కలకు క్లోరిన్ కూడా అవసరమని 1954లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టమాటా మొక్కల మీద రుజువు చేశారు. చాలా పంటలకు అది లేశమాత్రం చాలు. కొబ్బరికి మాత్రం బాగా కావాలి. ఆకు మీది సన్నని రంధ్రాలు తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ పొటాషియంతో పాటు క్లోరైడే అటూ ఇటూ కదులుతుంది. ఎండాకాలం చెట్టు నీరు కాపాడుకునేది అలాగే. సముద్రపు ఒడ్డున కొబ్బరి హాయిగా బతకడం, కొబ్బరి మొదట్లో ఉప్పు వేసే పాత అలవాటు ఊరికే రాలేదు. కాసర్‌గోడులోని కేంద్ర తోట పంటల పరిశోధనా సంస్థ కాపుకొచ్చిన చెట్టుకు ఏడాదికి చెప్పే పొటాష్ లెక్క 1200 గ్రాములు. మీ బస్తాలోంచి అది రెండు కిలోలు. అంటే ఒక్కో చెట్టుకు దాదాపు 900 గ్రాముల క్లోరైడ్ కూడా అందుతోంది. మొత్తం ఒకేసారి, మొదలుకు ఆనించి వేయకండి. రెండు విడతలు చేసి, మొదలుకు నాలుగైదు అడుగుల దూరంలో పళ్ళెంలో వేసి మట్టి కప్పి నీరు పెట్టండి. మీ నేలకు సరిపడిన మోతాదు కావాలంటే అంబాజీపేటలో కొబ్బరి పరిశోధనా కేంద్రం ఉంది. మట్టి పరీక్ష కాగితం పట్టుకుని ఒకసారి వెళ్ళి రండి.

మా తాతగారు లంకలో పొగాకు వేసేవారు. “కొబ్బరికి ఏ పొటాష్ అయినా వెయ్యి, పొగాకు దగ్గరికి మాత్రం ఎర్రది రానివ్వకు” అనేవారట. ఒకే ఎరువు ఒకదానికి మంచిది, ఒకదానికి చెడ్డది ఎలా అవుతుంది?
— బొబ్బర్లంక నుంచి ఒక పాఠకుడు

మీ తాతగారి మాటలో సైన్సంతా ఉంది. పై ఉత్తరం చదివిన తర్వాత మీది చదవాల్సిందే.

పొగాకు మొక్క క్లోరైడ్‌ను ఎంత దొరికితే అంత పీల్చి ఆకులో దాచుకుంటుంది. మొక్కకు పెద్ద హాని లేదు, ఆకు కూడా ఏపుగానే కనిపిస్తుంది. కష్టమంతా కోసి ఆరబెట్టిన తర్వాత వస్తుంది. వానాకాలం ఉప్పు డబ్బా మూత తీసి చూడండి, చెమర్చి ఉంటుంది. క్లోరైడ్ ఎక్కువైన ఆకు కూడా అలాగే గాలిలో తేమను లాగి మెత్తబడి, రంగు మాసి, నిలవలో పాడవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, సరిగా కాలదు. ఆకులో క్లోరైడ్ రెండు శాతం దాటితే చుట్ట అంటించినా మాటిమాటికీ ఆరిపోతుంది. కొనేవాడు చేత్తో పట్టుకోగానే తెలిసిపోతుంది, ధర పడిపోతుంది. అందుకే పొగాకుకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేస్తారు. అది ఖరీదైనదే, కానీ అందులో క్లోరైడ్ దాదాపు ఉండదు. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ పెట్టిన దగ్గర్నుంచి రైతులకు చెబుతూ వచ్చిన జాగ్రత్తల్లో ఇదొకటి. ఎరువే కాదు, తడి పెట్టే బావినీటిలో క్లోరైడ్ ఎంతుందో కూడా పొగాకు రైతు చూసుకోవాలి.

పొగాకు మంచిదని నేను అనడం లేదు, అది వేరే సంగతి. ‘పొటాష్’ అన్న సగం పేరుతో ఎరువు కొనకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పంటకు తేడా చూపించేది పేరులో రెండో సగం.

మా నాన్నగారి నోటు పుస్తకంలో ‘ఉదహరికామ్లము’ అని ఉంది. కొట్టులో బాత్రూముకు అడిగితే ‘యాసిడ్’ అని సీసా ఇస్తారు. ఒక పాత సీసా మీద ‘మ్యూరియాటిక్’ అని చూశాను. ఇవన్నీ ఒకటేనా? తెలుగు పేరులో ‘హరి’ ఎవరు?
— విశ్రాంత ఉపాధ్యాయిని, ర్యాలి

ఒకటేనమ్మా. నేటి పాఠ్యపుస్తకంలో దాని పేరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం.

జగన్మోహినీ కేశవస్వామి ఊరి నుంచి ‘హరి ఎవరు’ అని అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఇక్కడ హరి దేవుడు కాదు, రంగు. క్లోరిన్‌కు గ్రీకులో రంగును బట్టి పేరు పెట్టినట్టే, తెలుగులో శాస్త్రం రాసిన తొలి తరం వాళ్ళు ‘హరిత’ శబ్దంలోంచి ‘హరి’ తీసుకున్నారు. ఉదజని నుంచి ‘ఉద’, పక్కన ‘హరిక’, చివర ‘ఆమ్లము’. క్లోరైడ్‌ను ‘హరిదము’ అన్నారు. సంస్కృతంలో హరిత అంటే ఒట్టి ఆకుపచ్చే కాదు, పసుపు కలిసిన పచ్చ కూడా. షీలే చూసిన వాయువు రంగుకు అంతకంటే దగ్గరి మాట లేదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి శాస్త్ర గ్రంథాలు వేయించిన రోజుల్లో, ఇలాంటి మాట ఒక్కోటి కూర్చడానికి ఆ పండితులు ఎంత ఆలోచించి ఉంటారో అనుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఇంగ్లీషులో క్లోరిన్, క్లోరోఫిల్ తోబుట్టువులు కదా, మన మాటల్లో కూడా ఉదహరికామ్లము, పత్రహరితము తోబుట్టువులే. ఒక హెచ్చరిక మాత్రం పిల్లలకు చెప్పాలి: పత్రహరితంలో క్లోరిన్ పరమాణువు ఒక్కటీ లేదు. ఇద్దరికీ కలిసింది రంగే.

హరిదము వాడుకలో నిలబడలేదు, క్లోరైడ్ నిలబడింది. నాకు దానిమీద బాధ లేదు. కొట్టులో, ఆసుపత్రిలో, పొలంలో జనం పలికే మాటనే పుస్తకంలోనూ రాయడం మంచిది. కానీ ఉదహరికామ్లము అన్న మాటను విప్పి చెప్పగల ఉపాధ్యాయులు ఇంకా ఉండాలి.

ఇప్పుడు ఆ సీసా గురించి, పేరు కంటే ముఖ్యమైన సంగతి. కొన్నేళ్ళ క్రితం మా ఇంట్లో పండగ ముందు శుభ్రం చేస్తుంటే, పెరట్లో బాత్రూము గచ్చు మీద మా మేనకోడలు ముందు బ్లీచింగ్ చల్లింది. మరకలు పోలేదని దానిమీద యాసిడ్ పోసింది. నేను వసారాలో పేపరు చదువుకుంటున్నాను. బుసబుస పొంగిన చప్పుడు, వెంటనే దగ్గు వినిపించాయి. నేను వెళ్ళేసరికి గుమ్మం దగ్గర గాలి గొంతులో గుచ్చుకుంటోంది. తను తలుపుకు ఆనుకుని కూర్చుని, కళ్ళ నీళ్ళతో మాట రాక చేత్తో నేల చూపిస్తోంది. రెక్క పట్టుకుని బయటి గాలిలోకి లాక్కొచ్చాను. రెండు రోజులు ఆయాసం తగ్గలేదు. నలభై ఏళ్ళు పిల్లలకు క్లోరిన్ తయారీ పాఠం చెప్పిన నేను, ఇంట్లోవాళ్ళకు ఆ ఒక్క మాట చెప్పి ఉండలేదు. అందుకే ఇప్పుడు అందరికీ చెబుతున్నాను: బ్లీచింగ్ పౌడరూ యాసిడూ ఎప్పుడూ కలవకూడదు. ఆ రెండూ కలిస్తే పుట్టేది షీలే చూసిన ఆ వాయువే. గాలి కంటే రెండున్నర రెట్లు బరువు గనుక నేలబారుగా కమ్ముకుంటుంది. మూసిన గదిలో వంగి గచ్చు రుద్దే మనిషి ముఖం ఉండేది సరిగ్గా అక్కడే. ఎవరికైనా అలా జరిగితే నీళ్ళు పోసి కడుగుదామని ఆగకండి. ముందు మనిషిని గాలి వచ్చే దిక్కుకు బయటికి తీసుకురండి, దగ్గు తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మా బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే కాగితం మీద ‘క్లోరైడ్స్ 640’ అని వచ్చింది. మా వీధి కుళాయి నీళ్ళ పరీక్షలో ‘క్లోరిన్ 0.2’ అని రాశారట. మా దాంట్లో మందు మూడు వేల రెట్లు ఎక్కువుందని మా ఇంట్లో గాభరా పడుతున్నారు. మేము బోరులో ఏ మందూ కలపలేదు.
— కోనసీమ దిగువ నుంచి ఒక గృహిణి

మీరు ఏమీ కలపలేదమ్మా, భూమి కలిపింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

కుళాయి కాగితం మీద ఉన్నది మిగులు క్లోరిన్. బ్లీచింగ్ వేశాక క్రిములను చంపగా ఇంకా మిగిలి, దారిలో మళ్ళీ క్రిమి చేరితే దాని పని పట్టడానికి సిద్ధంగా ఉన్నది. అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన జాతీయ ప్రమాణం. ఉంటే మంచిది, లేకపోతే భయపడాలి. మీ కాగితం మీద ఉన్నది నీటిలో కరిగిన ఉప్పు తాలూకు క్లోరైడ్. దానికి 250 దాకా మేలు, వేరే నీరు దొరకనిచోట 1000 దాకా ఓర్చుకోవచ్చని అదే ప్రమాణం చెబుతుంది. 640 క్లోరైడ్ అంటే, అదంతా మామూలు ఉప్పే అనుకుంటే, లీటరు నీటిలో గ్రాముకు కాస్త పైన ఉప్పు. సముద్రపు నీటిలో క్లోరైడ్ 19,000 దాకా ఉంటుంది. మీవైపు బోర్లు లోతు పెరిగేకొద్దీ, వేసవిలో ఎక్కువ తోడేకొద్దీ ఆ ఉప్పు పైకి లాగుతుంది. క్రిమి నాశినిగా ఈ క్లోరైడ్‌కు ఏ శక్తీ లేదు. అందుచేత నీళ్ళు ఉప్పగా ఉన్నాయి కాబట్టి క్రిములు ఉండవు అనుకోకండి. కాచినా ఈ ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది. రక్తపోటు ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే తాగడానికీ వంటకీ కాలువ నీటి కుళాయి పట్టుకోండి, బోరు నీళ్ళు వాడకానికి ఉంచండి.

ఆ 640 ఎలా లెక్కిస్తారో మా కాలేజీ ప్రయోగశాలలో చూపించినప్పుడు పిల్లలు కళ్ళార్పేవాళ్ళు కాదు. నీటిలో రెండు చుక్కలు పొటాషియం క్రోమేట్ వేస్తే నిమ్మపండు రంగు వస్తుంది. పైనుంచి సిల్వర్ నైట్రేట్ ఒక్కో చుక్కే వదులుతుంటే, పడిన చోటల్లా పాలు విరిగినట్టు తెల్లటి మబ్బు. క్లోరైడ్ ఉన్నంతసేపూ అంతే. ఆఖరి క్లోరైడ్ కూడా అయిపోయాక పడిన మరుసటి చుక్కతో నీరంతా ఇటుక రంగుకు తిరుగుతుంది. అప్పటిదాకా ఎన్ని చుక్కలు పట్టాయో, క్లోరైడ్ అంత.

గ్రామంలో ట్యాంకుకు బ్లీచింగ్ వేసే పని నాది. పాత బస్తా మీద ‘క్లోరైడ్ ఆఫ్ లైమ్’ అని ఉంది. మీరేమో క్లోరైడ్‌కు క్రిములను చంపే శక్తి లేదని ఒకసారి రాశారు. మరి ఇది?
— లొల్ల దగ్గరి గ్రామం నుంచి

మంచి చోట పట్టుకున్నారు. ఆ పేరు తప్పు పేరు. 1799లో స్కాట్లాండ్ వ్యాపారి చార్లెస్ టెన్నంట్ తడి ఆర్పిన సున్నానికి క్లోరిన్ పట్టించి ఈ పొడి తయారీకి హక్కు పొందాడు. క్లోరిన్ మూలకమని తేలడానికి ఇంకా పదకొండేళ్ళు ఉంది. అందులో పనిచేసేది హైపోక్లోరైట్. పక్కన కాల్షియం క్లోరైడ్ ఉన్నా అది క్రిమి జోలికి పోదు. ఇంకో తిరకాసు ఏమిటంటే, బస్తా పాతబడేకొద్దీ హైపోక్లోరైట్ తగ్గి, నిజంగానే ఒట్టి క్లోరైడ్‌గా మారిపోతుంది! బరువు తగ్గదు, రంగు మారదు. పని మాత్రం చేయదు.

మంచి పొడిలో పనికొచ్చే క్లోరిన్ సుమారు 33 శాతం. గాలి, తేమ, వెలుతురు మూడూ దానికి శత్రువులు. మన డెల్టా ఉక్కకు మూతి విప్పి వదిలేసిన బస్తా కొన్ని వారాల్లోనే నీరుగారిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేసి, చెరువులో నిలవ నీరు రంగు మారుతున్న రోజుల్లోనే దాని అవసరం ఎక్కువ. 2022 జులై వరదలో లంకల బావులన్నీ మునిగినప్పుడు చూశాం కదా, బ్లీచింగ్ చల్లిన ప్రతిచోటా నీళ్ళు బాగుపడ్డాయని అనుకోలేం.

లెక్క ఇది. మంచి పొడి అయితే 1000 లీటర్లకు రెండున్నర గ్రాములు, టీ చెంచాడు కూడా కాదు. దాంతో లీటరుకు సుమారు 0.8 మిల్లీగ్రాముల క్లోరిన్ అందుతుంది. నీరు మురికిగా ఉంటే ఇంకా పడుతుంది. పొడి నేరుగా ట్యాంకులో చల్లకండి. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీరే ట్యాంకులో పోయండి. గంట ఆగి కుళాయి వదలండి. తర్వాత ట్యాంకు దగ్గర కాదు, వీధి చివరి ఇంటి కుళాయి దగ్గర నీరు పట్టి పరీక్షించండి. మాత్ర వేస్తే గులాబీ రంగు వచ్చే పరీక్ష పెట్టె ఉంటే అదే నమ్మకం. రంగు రాకపోతే మీ బస్తా ముసలిదై ఉండవచ్చు, కొత్తది అడగండి. చివరి కుళాయి పరీక్ష రోజూ రాసిపెట్టే పుస్తకం ఒకటి మొదలుపెడితే, వచ్చే ఏడు మీ స్థానంలో వచ్చేవారికి కూడా పనికొస్తుంది.

క్లోరైడ్, క్లోరైట్, క్లోరేట్ — పరీక్షలో తారుమారు అవుతున్నాయి. గుర్తు చెప్పండి.
— ఇంటర్ విద్యార్థి, పేరవరం

ఆక్సిజన్ లెక్కపెట్టు నాయనా. క్లోరైడ్‌లో అసలు లేదు. హైపోక్లోరైట్‌లో ఒకటి, క్లోరైట్‌లో రెండు, క్లోరేట్‌లో మూడు, పర్‌క్లోరేట్‌లో నాలుగు. వస్తువుతో కలిపి గుర్తుపెట్టుకో: క్లోరైడ్ ఉప్పు డబ్బాలో, హైపోక్లోరైట్ బ్లీచింగ్ బస్తాలో, క్లోరేట్ అగ్గిపుల్ల తలలో. వంటింట్లో ఉప్పు డబ్బా పక్కనే అగ్గిపెట్టె ఉంటుంది. రెంటిలోనూ క్లోరిన్ ఉంది. ఒకటి నీళ్ళలో కరుగుతుంది, ఇంకోటి గీస్తే భగ్గుమంటుంది.

మా అమ్మమ్మ ఇత్తడి గిన్నెలకు కళాయి వేయిస్తుంటే చూసేదాన్ని. కాలిన గిన్నెలో తెల్లటి పొడి చల్లగానే గుప్పున పొగ లేచేది. ఆ పొడి ఏమిటి?
— వాడపల్లి పుట్టిల్లుగా కల ఒక పాఠకురాలు

నవాసాగరం. నవసారం అని కూడా అంటారు. రసాయన నామం అమ్మోనియం క్లోరైడ్. పాత ఇంగ్లీషు పేరు, మీరు ఊహించినట్టే, మ్యూరేట్ ఆఫ్ అమ్మోనియా. వేడి తగలగానే అది అమ్మోనియాగా, ఉదహరికామ్లపు ఆవిరిగా విడిపోతుంది. ఆ ఆవిరి ఇత్తడి మీది చిలుమును తినేసి లోహాన్ని తేటగా బయటపెడుతుంది. అప్పుడే తగరం అంటుకుంటుంది. పైకి లేచిన రెండూ చల్లగాలిలో మళ్ళీ కలిసి నవాసాగరం అయిపోతే, మీరు చూసిన తెల్లపొగ అదే. కళాయి మనిషి గుడ్డతో గిన్నె లోపల ఒక్క తిప్పు తిప్పేసరికి అద్దంలా మెరిసిన ఆ క్షణం వెనుక ఇంత జరుగుతుంది.

నాకు షుగరూ బీపీ ఉన్నాయి. బిళ్ళల అట్ట మీద ‘మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్’ అని ఉంది. పైన మీరు చెప్పే యాసిడ్ మందులో కలిపారా? ఇంకొకటి, ఉప్పు తగ్గించమన్నారని మా అబ్బాయి ‘లో సోడియం’ ఉప్పు పంపాడు. అది ఎంతైనా వాడవచ్చా?
— డెబ్బై ఏళ్ళ పాఠకుడు, ఆత్రేయపురం

మొదటిదానికి భయం వద్దండీ. మందు మూలపదార్థం క్షార గుణం కలది. దాన్ని ఆ ఆమ్లంతో కలిపితే రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుని లవణం అవుతుంది. లవణంగా ఉంటే నీటిలో బాగా కరుగుతుంది, నిలవ ఉంటుంది, బిళ్ళగా నొక్కడానికి అనువుగా ఉంటుంది. బిళ్ళలో ఆమ్లం ఆమ్లంగా లేదు. ఆ మాటకొస్తే అదే ఆమ్లం మీ కడుపులో ప్రతి భోజనానికీ ఊరుతూనే ఉంది. మీ బిళ్ళ 500 మిల్లీగ్రాములదైతే అందులో అసలు మందు సుమారు 390, మిగతాది ఈ తోడు. పాతకాలంలో అయితే దీన్ని కూడా మ్యూరేట్ అనే రాసేవారు.

రెండోదానికి మాత్రం జాగ్రత్త. అలాంటి ఉప్పులో సోడియం క్లోరైడ్‌లో కొంత తగ్గించి, ఆ స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మొదటి ఉత్తరంలో రైతుగారి బస్తాలో ఉన్నదే, తినడానికి తగ్గట్టు శుద్ధి చేసినది. మూత్రపిండాలు బాగున్నవారికి మేలే చేస్తుంది. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవారికి మూత్రపిండాలు నెమ్మదించి ఉండవచ్చు. బీపీ మందుల్లో కొన్ని పొటాషియంను ఒంట్లోనే నిలబెడతాయి. అలాంటప్పుడు రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందుగా ఏ సూచనా కనిపించకపోవచ్చు. డాక్టరు ఏం మందు రాశారో మీ అబ్బాయికి తెలియదు, మీ అబ్బాయి ఏ ఉప్పు పంపాడో డాక్టరుకు తెలియదు. ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు బిళ్ళల అట్టలతో పాటు ఆ ఉప్పు ప్యాకెట్టు కూడా సంచిలో వేసుకుని వెళ్ళండి. అప్పటిదాకా దాన్ని విప్పకండి.